గాదె లెక్కలో కొసరు

దుమ్ము కార్తె, మూడో పాదం, మంగళవారం

నా పేరు ఓబులమ్మ. ఈ లాగ్ రాయమని గిడ్డయ్య చెప్పినాడు కాబట్టి రాస్తున్నా. లేకపోతే నోరుండగా చేతికెందుకు పని అనుకునే రకం నేను. గిడ్డయ్య మా టెస్టింగ్ గదికి పెద్ద. నాకంటే చిన్నోడు. పేరుకు నా మీద అధికారి, పిలిచేటప్పుడు మాత్రం ‘అక్కా’ అంటాడు, పని చెప్పేటప్పుడు ఇంకో రెండుసార్లు అంటాడు.

పొద్దున్నే టమాటాలకని హుసేనక్క కొట్టుకు పోయినా. దుమ్ము లేచి నెల దాటింది. సొరంగం కిటికీలోంచి చూస్తే బయటంతా మిరప్పొడి దంచిన గది మాదిరి ఎర్రగా ఉంది. ఎండ లేక సోలార్ పలకలు పడుకున్నాయి, పలకలు పడుకుంటే గాలి తయారుచేసే మిషన్ కూడా పడుకుంటుంది. అప్పుడిక ఊరంతా గాదెలో దాచిన గాలి మీదే బతకాలి. ఏటా ఉండేదే. భూమ్మీద ఎర్రమల కొండల కింద మా పెద్దోళ్ళు వాన లేని కరువులు చూసినారంట, ఇక్కడ మేము ఎండ లేని కరువు చూస్తాం. అంగారకుడి మీద సొరంగాలు తవ్వి, ఆ ఊరికి కూడా ఎర్రమల అనే పేరు పెట్టుకున్నోళ్ళం. కరువుకు జడిసే జాతి కాదు మాది.

హుసేనక్క తక్కెడలో అరకేజీ తూచి, ముల్లు సరిపోయినాక పైన ఇంకో రెండు కాయలు వేసింది. కరివేపాకు రెబ్బ కూడా. మా ఊళ్ళో కొసరు లేకుండా ఏదీ చేతులు మారదు. కొసరు వెయ్యని చేత్తో ఇస్తే మంచినీళ్ళు కూడా తాగరు. కోడలికి ఎట్లుందని అడిగినా. కాన్పై నెల కాలేదు, బిడ్డ బాగా పాలు తాగుతోందని చెప్పింది. వాళ్ళ ఇల్లు చివరి వరసలో ఉంది. గాలి తగ్గితే ముందు తగ్గేది ఆ వరసకే. కానీ ఈ ఏడు ఆ భయం లేదులే, గాదె నిండుగా ఉందంట గదా అని నవ్వింది.

ఇక పని సంగతి. కొత్త వరసలో ఇళ్ళు కడుతున్నారు. ఊళ్ళో ప్రతి ఇంటికీ ‘గడప’ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. తలుపు, వేడి, నీళ్ళు, గాలి అన్నీ అదే చూసుకుంటుంది. ఆ గడపలో ఏ అంకె తిరగాలన్నా ‘నిండుకొలత’ అనే రూపంలోనే తిరగాలి. అంకెకు చొక్కా తొడిగినట్టన్న మాట. ఊరు కట్టిన తొలినాళ్ళలో మద్దిలేటి తాత రాసిన కోడ్ అది. కొత్త ఇళ్ళకు గడప ఎక్కించేముందు పాత కోడంతటికీ టెస్టులు రాయాలని పెద్దలు చెప్పినారు. మిగిలినవాటికి టెస్టులు ఉన్నాయి, నిండుకొలతకు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎందుకని అడిగితే గిడ్డయ్య తల గోక్కున్నాడు. తాత రాసిన కోడుకు టెస్టు పెట్టడమంటే గుళ్ళో దేవుడి వయసు అడిగినట్టు ఉంటుందంట. నేను అడుగుతానులే అన్నా.

దీంట్లో నా ఆశ ఒకటుంది, దాచుకోను. మా ఊళ్ళో ఏ టెస్టు నిజమైన తప్పును పడుతుందో ఆ టెస్టుకు రాసినవాళ్ళ పేరు పెడతారు. ఊరు పుట్టిన పండగనాడు ఆ పేర్లన్నీ మైకులో చదువుతారు. మా అమ్మ పేరుతో ఒకటుంది, ‘రామలచ్చమ్మ టెస్టు’. బయటి తలుపు, లోపలి తలుపు ఒకేసారి తెరుచుకునే తప్పును పట్టింది మా అమ్మ. ఆ పేరు చదివినప్పుడల్లా నా వీపు దానంతటదే నిలువవుతుంది. పదిహేనేండ్లుగా టెస్టులు రాస్తున్నా, నా పేరుతో మాత్రం ఒక్కటీ లేదు.

గురువారం

టెస్టంటే పెద్ద విద్యేం కాదు. జవాబు మనకు ముందే తెలిసిన ప్రశ్నను సాఫ్ట్‌వేర్‌ను అడగడం. సరిగ్గా చెప్తే పచ్చ గీత, తప్పు చెప్తే ఎర్ర గీత. బడిపంతులు పని. కాకపోతే ఈ పిల్లోడు మొహం చూసి కనిపెట్టేదానికి లేదు, అడిగిందానికే చెప్తాడు.

సున్నా ఇస్తే సున్నాగానే ఉంటుందా అని అడిగినా. పచ్చ. చిన్న అంకె పెద్ద అంకెకంటే ముందు నిలబడుతుందా? పచ్చ. సున్నా కంటే తక్కువ గాలి కావాలని అడిగితే ఒప్పుకోదు గదా? ఒప్పుకోలేదు. మూడున్నర ఇస్తే నాలుగు చేస్తుందా? చేసింది. అదే తాత గొప్పతనం. ఒక మనిషికి ఒక రోజుకు పట్టే గాలిని మేము ఒక మానిక అంటాం. ఒక ఇంటికి మూడు మానికల మీద కాస్త కావాల్సి వస్తే నిండుకొలత నాలుగు ఇస్తుంది. ఎప్పుడూ పైకే పోతుంది, కిందికి రాదు. కొసరును కోడులో రాసిన మనిషి ఆయన. ఆ టెస్టు రాసి, మనసులోనే ఒక దండం పెట్టుకున్నా.

మధ్యాహ్నం తిన్నాక ఊరికే ఇంకోటి రాసినా. సగం మానిక, ఇంకో సగం మానిక కలిపితే ఎంత? ఒకటి గదా. ఎర్ర గీత వచ్చింది. నిండుకొలత రెండు అని చెప్పింది. నా టెస్టులోనే తప్పుందేమో అని మళ్ళీ నడిపించినా. మళ్ళీ రెండే. సగాన్ని ఒకటి చేసింది, ఇంకో సగాన్నీ ఒకటి చేసింది, ఆ రెండూ కలిపింది. గుండె జల్లుమందని రాస్తే అబద్ధమవుతుంది. ముందు నాకు సంతోషమే వేసింది, పేరు వచ్చేసిందని.

గిడ్డయ్య చూసి నీళ్ళు చల్లినాడు. అది తప్పు కాదక్కా, తాత కావాలనే పెట్టిన కొసరు అని తేల్చేసినాడు. రెండు ఇళ్ళకు సగం సగం కావాలంటే రెండు పోతాయి, పోతే పోనీ, ఎవురికీ తక్కువ కాలేదు గదా అన్నాడు. టెస్టు అట్లాగే పెట్టి ఇంటికి పోయినా. టమాటా పప్పు చేసుకుని తిన్నా. ఉప్పు ఎక్కువైంది.

శుక్రవారం

నేను ఒకటి పట్టుకుంటే వదలనని మా ఆయన రోజూ దెప్పుతాడు. ఈ రోజు ఆ మాట నిజమైంది. ఇచ్చే దగ్గర కొసరు సరే. మరి ఊళ్ళో అంకెలు కలిపే చోటు ఎక్కడుందని వెతికినా. ఒక్క చోటే ఉంది. గాదె.

గాదె అంటే ఏదో పెద్ద తొట్టి అనుకునేరు. మా తాతలు ఓడల్లో తెచ్చిన చిన్న చిన్న సిలిండర్లే, నాలుగు వేలు. ఒక్కోదాంట్లో ఎంత ఉందో గడప అడుగుతుంది, నిండుకొలతలో వేస్తుంది, అన్నీ కలిపి తెర మీద చూపిస్తుంది. ఇన్నేండ్లూ ఒక సిలిండర్ ఖాళీ అయినాకే ఇంకోటి తెరిచేవాళ్ళు. కాబట్టి ఎప్పుడు చూసినా ఒక్కటే సగంలో ఉండేది, మిగిలినవి నిండుగానో ఖాళీగానో ఉండేవి. ఈ ఏడు గిడ్డయ్యే మార్చినాడు. ఒకే దాన్ని ఒట్టిపోయేదాకా పిండితే వాల్వులు చెడిపోతున్నాయని, అన్నిటి నుంచీ కొంచెం కొంచెం తీసేటట్టు చేసినాడు. మంచి పనే, అందరం మెచ్చుకున్నాం కూడా. కానీ ఇప్పుడు నాలుగు వేలూ అరకొరగా ఉన్నాయి. నాలుగు వేలకూ కొసరు పడుతోంది.

తెర ఎనిమిది వేల మానికలు చూపిస్తోంది. ఊళ్ళో మూడొందల యాభై మందిమి, ఇళ్ళకు పోయే కొసరుతో కలిపి రోజుకు నాలుగొందల మానికలు పోతాయి. అంటే ఇరవై రోజులకు సరిపడా. దుమ్ము పద్దెనిమిది రోజుల్లో దిగుతుందని గాలివాటం చూసేవాళ్ళు చెప్పినారు. రెండు రోజులు మిగులే గదా అనే ధీమాతో పెద్దలు ఆదివారం కబడ్డీ పోటీ కూడా పెట్టుకోమన్నారు. కబడ్డీ అంటే దమ్ము బిగబట్టే ఆటే, కానీ వదిలినాక ఎంత పీలుస్తారో ఎవురైనా ఆలోచించినారా?

నేరుగా హుసేనక్క కొట్టుకు పోయి తక్కెడ అడిగినా. ఏమ్మే ఓబులీ, నీకేమైనా పిచ్చి పట్టిందా అని అడుగుతూనే తక్కెడ భుజాన వేసుకుని నాతో వచ్చింది. అంగారకుడి మీద బరువు తక్కువైనా తక్కెడకు ఆ బాధ లేదు. అటూ ఇటూ ఒకేలాగ తేలికవుతుంది. ఒక పళ్ళెంలో ఖాళీ సిలిండర్ పెట్టి దాని మీద రాళ్ళు వేసినాం, ఇంకో పళ్ళెంలో గాదె సిలిండర్ పెట్టినాం. తెర మీద రెండు అని ఉన్నది తూకానికి ఒకటిన్నరే తూగింది. మూడు అని ఉన్నది రెండుంబావు. ఒకటి అని ఉన్నదాంట్లో దాదాపు ఏమీ లేదు. ఇద్దరం చెమటలు కక్కుకుంటూ ఇరవై తూచినాం. తెర నలభై అంటోంది, తక్కెడ ముప్పై అంటోంది.

ఎనిమిది వేలు కాదు, ఆరు వేలు. ఇరవై రోజులు కాదు, పదిహేను. దుమ్ము దిగేసరికి పద్దెనిమిది. గాదె కింద పందికొక్కులు దూరితే పట్టుకోవచ్చు. ఇక్కడ దొంగ లేడు, బొక్క లేదు, అందరూ మంచోళ్ళే, గాలి మాత్రం లేదు.

హుసేనక్క రాళ్ళు సంచిలో వేసుకుంటూ, చివరి వరస ముందు పోతుంది గదా అని ఒక్క మాట అడిగింది. నేను కాదనలేకపోయినా. పోనిస్తామా అక్కా అని గట్టిగానే అన్నా.

శనివారం

గిడ్డయ్యకు తూకం చూపించినా. పాపం, మొహం తెల్లబోయింది. నావల్లే అక్కా అన్నాడు. నీవల్ల కాదు, నీ పని మంచిది, తాత పని మంచిది, రెండు మంచి పనులు కలిసి మన కొంప ముంచుతున్నాయి అని చెప్పినా. గడపలో కొలత మార్చాలంటే రాసినాయన చెయ్యి పడాలి, అది ఊరి కట్టుబాటు. ఆయన ఒప్పుకోకపోతే తెర ఎనిమిది వేలే చూపిస్తూ ఉంటుంది, ఊరు దాన్నే నమ్ముతుంది. తాతకు చెప్పేదానికి గిడ్డయ్యకు నోరు రాదు. నాకు మా అమ్మ ఇచ్చిన ఆస్తే నోరు.

మద్దిలేటి తాతకు ఎనభై దాటినాయి. మొదటి సొరంగంలో మొదటి గదిలో ఒక్కడే ఉంటాడు, వంట ఆయనే చేసుకుంటాడు. నేను పోయేసరికి పొయ్యి మీద బొరుగులతో ఉగ్గాని కలుపుతున్నాడు. విషయం చెప్పినా. గరిటె ఆగలేదు గానీ మొహం మారింది.

“నా కొలతలో ఎవురికీ తక్కువ రాదు పాపా. యాభై ఏండ్లుగా రాలేదు.”

“తక్కువ రాదు తాతా. ఎక్కువ వస్తోంది. అదే రోగం.”

ఇంతెత్తున లేచినాడు. ఈ ఊరికి తొలి ఏడాది గాలి కొలిచి పోసిన చేతులివి అన్నాడు. అప్పటికి గాలి మిషన్ లేదు, ఇక్కడే ఉన్న వేరే ఊరోళ్ళు మనకు గుండుసూది మొనంత కూడా మిగలకుండా తూచి ఇచ్చేవాళ్ళంట. దాంట్లో ఒక పూట తక్కువపడి ఈయన సొంత తమ్ముడు పోయినాడంట. ఆ రోజే ఒట్టేసుకున్నాడంట, నేను రాసే కొలత కిందికి దిగదని. ఈ సంగతి నాకు తెలీదు. ఊళ్ళో ఎవురికీ తెలిసినట్టు లేదు.

కోపంలోనే నాకు పళ్ళెంలో ఉగ్గాని పెట్టినాడు. రెండు గరిటెలు వేసి, అలవాటుగా పైన ఇంకో అర గరిటె వేసినాడు. అది చూస్తే నాకు మాట దొరికింది.

“తాతా, నాకు కొసరు వేసినావు. ఇప్పుడు నీ గిన్నెలో ఎంత మిగిలింది?”

గిన్నెలోకి చూసినాడు. అడుగున రెండు పిడికిళ్ళు ఉంది.

“నీ నిండుకొలతను అడిగితే గిన్నె నిండుగా ఉందని చెప్తుంది తాతా” అన్నా.

ఆయన గిన్నె కిందికి దించినాడు. తరవాత పొయ్యి ఆపి, చేతులు కడుక్కుని, నా టెస్టు చూపించమన్నాడు. సగం, సగం, ఒకటి. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివినాడు. తన వేలితోనే నడిపించినాడు. ఎర్ర గీత వచ్చింది.

“కొసరు ఎదుటోడి పళ్ళెంలో వేసేది పాపా. మన కుండలో మనమే వేసుకుంటే దాన్ని కొసరనరు” అన్నాడు.

ఉగ్గాని తినకుండా లేవనియ్యలేదు. బాగుంది, పచ్చిమిరపకాయ తగ్గింది అంతే.

ఆదివారం

కబడ్డీ లేదు. అందరూ పెద్ద హాల్లోకి రావాలని మైకులో పిలుపొచ్చింది. పొద్దుటి నుంచి నేనూ గిడ్డయ్యా తాతా కూచుని నిండుకొలతను రెండుగా విడగొట్టినాం. ఒకటి ఇచ్చే కొలత, దాంట్లో కొసరు అట్లాగే ఉంటుంది. రెండోది ఉన్న కొలత, దాంట్లో కొసరు లేదు, సగాన్ని సగమే అంటుంది. తాత నిదానంగా కొట్టినా కోడులో ఒక్క అక్షరం తప్పు పోలేదు. నా టెస్టు పచ్చగా వెలిగింది.

తెర అందరి ముందే మార్చినాం. రెండు వేల మానికలు ఒక్కసారిగా రాలిపోయినాయి. హాలంతా ఒక్క ఊపిరి పీల్చింది. అది కూడా లెక్కలో తగ్గుతుంది గదా అని నాకు ఆ సమయంలో కూడా అనిపించింది, నా బుద్ధి అట్లాంటిది.

అరుపులు మొదలయ్యేలోపు తాత లేచినాడు. ఆ కొలత రాసింది నేనే, మీకు ఎక్కువ ఇవ్వాలని రాసి, ఉన్నది కూడా ఎక్కువే అని మిమ్మల్ని నమ్మించినాను, ఈ పాప పట్టింది అని చెప్పినాడు. కొసరుకు పోతే అసలుకే ఎసరు వస్తుందని ఇన్నేండ్లకు తెలిసింది అన్నాడు. తరవాత మొట్టమొదట తన గడపలో కొసరు ఆపమన్నాడు.

నిజానికి మేము పీల్చేది రోజుకు నాలుగొందలు కాదు. ఇళ్ళకు పోయే కొసరు తీసేస్తే మూడొందల యాభై. మిగిలిన యాభై తలుపు తీసినప్పుడల్లా బయటి దుమ్ములో కలిసిపోయేది. అది ఆగితే, బరువు పనులు మానితే, పిల్లల్ని పరిగెత్తించకుండా కథలు చెప్పి కూచోబెడితే, అందరం దగ్గర దగ్గర ఇళ్ళలో సర్దుకుంటే, పద్దెనిమిదో రోజు చేరొచ్చు. బొటాబొటీగా, కానీ చేరొచ్చు.

మా ఇంటి కొసరు ఆపండి అని నేను లేచినా. ఆ తరవాత వరస వరసా లేచింది. ఎవురూ ఎవురినీ అడగలేదు. మొదటి వరస, రెండో వరస, మూడో వరస. కొత్తగా పెండ్లైన జంట, కీచులాడుకునే అన్నదమ్ములు, గాలి సరిపోదని రోజూ ఫిర్యాదు చేసే కంబగిరి మామ కూడా. చివరికి హుసేనక్క లేచి మా ఇల్లు కూడా అని చెప్పేలోపు కంబగిరి మామే అడ్డం పడినాడు.

“పసిబిడ్డ ఇంటికి కొసరు ఆపినాక మనది ఎర్రమల ఎట్లవుతుంది? కూచో హుసేనమ్మా.”

హాలంతా సరే అనింది. నేను ఏడ్చినా. రాయడానికి నాకు సిగ్గులేదు. భూమ్మీద ఎన్ని పెద్ద ఊళ్ళు ఉన్నాయో, వాటికి ఎంత గాలి ఉందో నాకు తెలీదు. ఆకాశం నిండా గాలి ఊరకే దొరికేవాళ్ళకు ఈ సంగతి అర్థం కాదేమో. ఉన్నదాంట్లోంచి తీసి చివరి ఇంటికి పెట్టే ఊరు మాది.

దుమ్ము కార్తె, చివరి పాదం, బుధవారం

మధ్యలో రాయలేదు. రాసే పని కూడా పనే గదా, గాలి దండగ అని గిడ్డయ్యకు చెప్పి తప్పించుకున్నా. మెల్లగా నడిచినాం, మెల్లగా మాట్లాడినాం. మా ఆయన తనకు ఇంత మంచి రోజులు ఎప్పుడూ రాలేదన్నాడు. దుమ్ము దిగినాక ఆ మాటకు జవాబు చెప్తా అన్నా.

నిన్న దుమ్ము దిగింది. కిటికీలో మొదట ఒక గోధుమ రంగు మచ్చ వచ్చింది, అదే సూర్యుడు. పలకలు లేచినాయి, మిషన్ దగ్గి దగ్గి మొదలైంది. ఆ సమయానికి తెర మీద తొంభై ఆరున్నర మానికలు ఉన్నాయి. ఈ ఊరి చరిత్రలో గాదె తెర మీద అరలు, పావులు కనపడడం ఇదే మొదలు. ఆ అర అంకెను చూసేదానికి జనం వరస కట్టినారు. హుసేనక్క తక్కెడ తెచ్చి నాలుగు సిలిండర్లు తూచింది. ముల్లు తెరతో సరిపోయింది. నేను అక్కడే నిలబడి, నా బిడ్డను చూసుకున్నట్టు ఆ అంకెను చూసుకున్నా. చివరి వరసలో ఒక్క ఇంటికి ఒక్క పూట కూడా తక్కువ పడలేదు. బిడ్డ పాలకు తప్ప దేనికీ ఏడవలేదంట.

ఊరు పుట్టిన పండగ, ముందురోజు

గిడ్డయ్య ‘ఓబులమ్మ టెస్టు’ అని రాసి, సరిగ్గా ఉందా అక్కా అని చూపించినాడు. అక్షరాలు ఎంత బాగున్నాయో! పదిసార్లు చదువుకున్నా. మా అమ్మ పేరు కింద నా పేరు.

సాయంత్రం మద్దిలేటి తాత మా ఇంటికొచ్చినాడు. ఆయన ఎవురింటికీ పోడు. కూచుని, నీళ్ళు తాగి, ఆ టెస్టుకు నీ పేరు తీసి నా పేరు పెట్టు అన్నాడు. నాకు మండింది. పట్టింది నేను, మోసింది నేను, చెమట కక్కింది నేనూ హుసేనక్కా. మొహం మీదే అడిగినా, నీకు ఉన్న పేరు చాలలేదా తాతా అని.

ఆయన నొచ్చుకోలేదు.

“పట్టినోళ్ళు ప్రతి తరంలో ఉంటారు పాపా. చేసినోడు ఎందుకు చేసినాడో మరిచిపోతారు. రేపు ఇంకోడు ఊరి మీద ప్రేమ కొద్దీ ఇదే తప్పు మళ్ళీ చేస్తాడు. నా పేరుంటే ఒక నిమిషం ఆగి అడుగుతాడు, ఇంత పెద్దాయన ఎందుకు చేసినాడని.”

నేను సరే అనలేదు. ఆయన పోయినాక కూడా గిన్నెలు చప్పుడు చేస్తూ తోమినా. మా ఆయన దగ్గరికి రాలేదు, తెలివైనోడు.

పండగనాడు

మైకులో పేర్లు చదివినారు. ‘రామలచ్చమ్మ టెస్టు’ అన్నప్పుడు నా వీపు ఎప్పటిలాగే నిలువయింది. చివర్లో ‘మద్దిలేటి టెస్టు’ అన్నారు. తాత మొదటి వరసలో కూచుని ఉన్నాడు, తల తిప్పి జనంలో నా కోసం వెతికినాడు.

పేరు మార్చమని పొద్దున నేనే గిడ్డయ్యకు చెప్పినా. వాడు నిజమేనా అక్కా అని రెండుసార్లు అడిగి మార్చినాడు. తప్పు పట్టినాను, ఊరు నిలబడింది, నా లెక్క అక్కడికి సరిపోయింది. ముల్లు సరిపోయినాక పైన ఇంకో రెండు కాయలు వెయ్యకుండా ఊరుకుంటే నేను ఎర్రమల దాన్ని కాదు. పదిహేనేండ్లు కాచుకున్న పేరు. తీసి ఆయన పళ్ళెంలో వేసినా.